భయపడినవారికే మాస్కు

ఆ పెద్దాసుపత్రి పిల్లల వార్డులో పిల్లలు నవ్వుతున్నారన్న సంగతి పైవాళ్ళ చెవిన పడిన రోజు నుంచే డాక్టర్ మురహరి గారికి కష్టాలు మొదలయ్యాయి.

అంతకుముందు ఆయన సుఖంగానే ఉన్నాడు. మురహరి మంచి డాక్టరు. బిడ్డ తలుపు దగ్గర ఉండగానే గుండెల్లో పిల్లికూతలు విని, ఆయాసం ఏ పాటిదో చెప్పేస్తాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, పై అధికారి అంటే వణుకు. పెద్దవాళ్ళు ఫోను చేస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు. "అవతలివాళ్ళకి కనపడదు కదండీ" అని ఎవరైనా అంటే, "వినపడుతుంది" అంటాడు.

వార్డులో నెబ్యులైజరు పని సిస్టర్ ఎస్తేరు చూసుకునేది. నెబ్యులైజరంటే మందుని పొగమంచులా చేసి, మాస్కులోంచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పంపే చిన్న మిషను. అది బర్రుమని మోగుతుంది. గాలి చాలక అల్లాడుతున్న పసివాడికి ముక్కూ నోరూ మూస్తూ మాస్కు తగిలిస్తే ఊరుకుంటాడా? తన్నుకుంటాడు, గుక్కపెట్టి ఏడుస్తాడు. ఏడిస్తే మందు సరిగ్గా లోపలికి పోదు. అందుకని ఎస్తేరు పాత తువ్వాలు చుట్టి, కళ్ళు గీసి, ఒక ఏనుగుని తయారుచేసింది. పాత మాస్కొకటి దానికి తగిలించి, "ఏనుగమ్మకి తొండమొచ్చేసింది! ఇంకెవరికి కావాలమ్మా తొండం?" అని అడిగేది. "నాకు, నాకు" అని పిల్లలు ఎగబడేవాళ్ళు. తొండం పెట్టుకుని ఘీంకరించాలంటే గట్టిగా గాలి పీల్చాలి కదా. అలా పీల్చేటప్పుడు మందూ లోపలికి పోయేది. అంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

ఒకనాడు ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు. వార్డులోంచి నవ్వులు వినబడేసరికి గుమ్మంలోనే ఆగిపోయారు.

"డాక్టర్ గారూ, వీళ్ళు ఏ పథకం కింద నవ్వుతున్నారు?"

మురహరి చేతులు కట్టుకున్నాడు. "పథకమంటూ ఏమీ లేదు సార్. ఊరికేనే..."

"ఊరికేనా? ప్రభుత్వాసుపత్రిలో, పథకం లేకుండా, మార్గదర్శకాలు లేకుండా, క్షేత్రస్థాయిలో శిశువులు నవ్వేస్తున్నారా?" త్రివిక్రమరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోప్పడతారనుకున్నాడు మురహరి. కానీ ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. "ఇంత ఉల్లాసాన్ని వృథా పోనివ్వకూడదు. దీన్ని సంస్థాగతం చేద్దాం."

ఆ ముక్కతో ఎస్తేరు ఏనుగు నెత్తిన పిడుగు పడింది.

వారం తిరక్కుండా 'బాల శ్వాసోల్లాస భయనివారణ పథకం' పుట్టింది. మొట్టమొదటి పని, సిస్టర్ ఎస్తేరుని రాజధానికి పంపించారు, పిల్లల్ని ఆడించడంలో శిక్షణ పొంది రమ్మని. అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్ళకి ఆ విద్య ఎక్కడిదయ్యా అంటే, ఎస్తేరు ఎలా ఆడించేదో త్రివిక్రమరావు గారు రాసి పంపిన దాంట్లోంచి నేర్చుకున్నదే. తువ్వాలు ఏనుగుని ప్రమాణాలకు అనుగుణంగా లేదని తీసేశారు. బదులుగా పెట్టెల కొద్దీ బొమ్మలొచ్చాయి. పిల్లలు ఆడితే బొమ్మలు విరుగుతాయి గనక, వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మురహరి మొలతాడుకి చేరింది. పిల్లలు బీరువా ముందు నిలబడి అద్దం మీద ముక్కు ఆనించి బొమ్మల్ని చూడవచ్చు. దీన్ని 'దృశ్య క్రీడ' అన్నారు.

మరి ఎస్తేరు లేకపోతే పిల్లల్ని ఆడించేదెవరు? వైద్యాధికారే క్రీడాధికారిగా అదనపు బాధ్యతలు నిర్వర్తించవలెనని ఉత్తర్వు. పాపం మురహరి చిన్నప్పుడు కూడా ఆడుకున్నవాడు కాడు. మంచం మీద ఆయాసపడుతున్న ఓ నాలుగేళ్ళవాడి ఎదుట నిలబడి, మార్గదర్శకాల పుస్తకం చూస్తూ చదివాడు.

"బాలకా, భయపడకుము. ఇది ఏనుగు తొండము. నీవు ఇప్పుడు ఉల్లాసముగా ఉన్నావు."

ఆ బాలకుడు పుస్తకాన్ని చూశాడు, ఆయన మొహాన్ని చూశాడు, ఆకాశమంత నోరు తెరిచాడు. వాణ్ణి చూసి పక్క మంచం, దాన్ని చూసి ఆ పక్క మంచం. నాలుగు రోజుల్లో 'ఆసుపత్రిలో డాట్రుబాబు ఆడిస్తాడంట' అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ హడలిపోయాయి. అల్లరి చేసే పిల్లల్ని తల్లులు "సెప్పిన మాట ఇనకపోతే ఆసుపత్రికి ఒట్టుకెళ్ళి ఆడిపించేస్తాను" అని బెదిరించసాగారు. వార్డు సగానికి పైగా ఖాళీ అయింది. ఆ సంగతి వినగానే త్రివిక్రమరావు గారు ఫోనులో అభినందించారు. "చూశారా, పథకం మొదలుపెట్టగానే జిల్లాలో ఆయాసం తగ్గుముఖం పట్టింది!"

మురహరి నిలబడే "అవును సార్" అన్నాడు.

ఇంతటితో ఆగినా బాగుండేది. కానీ భయం పోయిందని రుజువేమిటన్న ప్రశ్న పైన ఎవరికో పుట్టింది. గోడకి వరసగా మొహాల బొమ్మలున్న పటం ఒకటి తగిలించారు. ఈ చివర నవ్వుతున్న మొహం, ఆ చివర ఏడుస్తున్న మొహం. వచ్చిన బిడ్డ ముందుగా ఏడుపు మొహం మీద వేలు పెట్టాలి. తర్వాత ఆట. ఆట తర్వాత నవ్వు మొహం మీద వేలు పెట్టాలి. అప్పుడు గానీ మాస్కు పెట్టకూడదు.

సరిగ్గా అప్పుడొచ్చింది నూకాలు.

నూకాలుకి ఐదేళ్ళు. వానలు పడ్డాయంటే దానికి ఆయాసం తప్పదు. వాళ్ళ మామ్మ దాలమ్మ దాన్ని చంకనేసుకుని బస్సెక్కి వచ్చేస్తుంది. ఎస్తేరు చేతిలో పెరిగిన పిల్ల కనక దానికి మాస్కంటే బెరుకు లేదు, వార్డంటే బెరుకు లేదు. డాక్టర్ని "ఏం డాట్రుబాబూ, అన్నం తిన్నావా?" అని పలకరించే గడుసుది. ఆ రోజూ వచ్చీ రాగానే మంచమెక్కి కూర్చుని, రొప్పుతూనే మాస్కు కోసం చెయ్యి చాపింది.

"ముందు నీకు ఎలా ఉందో ఆ బొమ్మల్లో చూపించమ్మా" అన్నాడు మురహరి.

నూకాలు నవ్వు మొహం మీద వేలు పెట్టింది.

మురహరి వెంటనే ఫోను తీసి, లేచి నిలబడ్డాడు. "సార్, ఒక పాప వచ్చింది. భయం లేదండి."

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడు. "భయం లేని శిశువుకు భయనివారణ ఎలా చేస్తారు? నిర్భయ శిశువులు పథకం పరిధిలోకి రారు. పథకం పరిధిలోకి రానివారికి పథకం మాస్కు ఇవ్వరాదు."

"మరి ఊపిరి సార్?"

"ఊపిరి వేరే విభాగం."

మురహరి ఫోను పెట్టి దిక్కులు చూశాడు. దాలమ్మకి విషయం సగమే అర్థమైంది గానీ, ఆ సగం చాలింది. "అంటే ఈ గుంట ఏడవాలేటి బావూ? అంతేనా?" అని, మనవరాలి తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది. "అమ్మో!" అని నూకాలు కెవ్వుమని, కోపంగా ఏడుపు మొహం మీద గుద్దింది. మురహరి తాళం తీసి బీరువాలోంచి ఒక కుందేలుని చూపించి మళ్ళీ లోపల పెట్టేశాడు. నూకాలు నవ్వు మొహం మీద వేలు పెట్టింది. మాస్కు దొరికింది.

"ఊపిరికి కూడా గిల్లాల్సొచ్చింది నా తల్లిని" అని దాలమ్మ ఆ పూటంతా మనవరాలి తొడ రాస్తూ కూర్చుంది. మురహరికి సిగ్గేసింది. సిగ్గు కంటే వణుకు పెద్దది గనక ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి పథకాన్ని లాంఛనంగా ప్రారంభించడానికి త్రివిక్రమరావు గారు స్వయంగా వేంచేశారు. వెంట కెమెరాలు, బల్ల మీద ఎర్ర రిబ్బను కట్టిన కొత్త నెబ్యులైజరు. భయపడుతున్న శిశువుకి కెమెరాల ఎదుట భయం పోగొట్టి మాస్కు పెట్టాలి. ఉల్లాసం కోసం డప్పులవాళ్ళనీ, పులివేషం వేసే అసిరయ్యనీ పిలిపించారు. అసిరయ్య ఒళ్ళంతా పసుప్పచ్చ రంగు పూసుకుని, నల్ల చారలు దిద్దుకుని, తోక మెడ చుట్టూ వేసుకుని వరండాలో బీడీ ఆర్పేసి కూర్చున్నాడు.

అన్నీ ఉన్నాయి, శిశువు లేదు. వార్డులో మంచాలన్నీ ఖాళీ. ఉన్న ఒక్క పిల్లవాడూ డప్పులు చూసి, తల్లి భుజం మీద ఏడుస్తూ పొద్దున్నే వెళ్ళిపోయాడు. త్రివిక్రమరావు గారు గడియారం చూసుకుంటున్నారు. మురహరి చెమటలు తుడుచుకుంటున్నాడు. అంతలో బయట జల్లు మొదలైంది. ఆ జల్లులోంచి దాలమ్మ తడిసి ముద్దై, చంకలో నూకాలుతో పరిగెత్తుకొచ్చింది.

"లబ్ధిదారు వచ్చేసింది!" అన్నారు త్రివిక్రమరావు గారు సంబరంగా.

మురహరికి మాత్రం సంబరం రాలేదు. గుమ్మం దగ్గరి నుంచే పిల్లికూతలు విన్నాడు. ఈసారివి వేరు. పిల్ల డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి, పెదవుల రంగు మారుతోంది, పలకరింపు లేదు. దాలమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చునేలోగా ఆయన ఎవర్నీ అడక్కుండా పాత మిషను దగ్గరికి పోయి, అందులో మందు పోసేశాడు.

"ఆగండి డాక్టర్ గారూ" అన్నారు త్రివిక్రమరావు గారు. "క్రమం తప్పకూడదు. పాపా, ఎలా ఉందో బొమ్మ చూపించు."

నూకాలు రొప్పుతూ కెమెరాల్ని చూసింది, డప్పుల్ని చూసింది, తనకలవాటైన మిషను చూసింది. ప్రాణం లేచొచ్చినట్టు నవ్వు మొహం మీద వేలు పెట్టింది. దాలమ్మ చెయ్యి తొడ మీదికి పోబోయింది గానీ కెమెరా ఆ వేపే తిరిగి ఉంది.

"భయం లేదా?" త్రివిక్రమరావు గారి మొహం వాడిపోయింది. తర్వాత వెలిగింది. "పర్వాలేదు. భయనివారణకు ముందు భయోత్పాదన చేద్దాం. మార్గదర్శకాల్లో నిషేధం లేదు. ఏదీ, ఆ పులిని ప్రవేశపెట్టండి!"

డప్పులు మోగాయి. కిటికీలు మూసిన గదిలోకి అసిరయ్య గాండ్రిస్తూ దూకాడు. పల్లికిలించాడు, గోళ్ళు చాపాడు, మంచం చుట్టూ కుప్పిగంతులు వేశాడు. కెమెరాలవాళ్ళే ఇద్దరు వెనక్కి జరిగారు.

"అసిరి మావా!" అంది నూకాలు, ఊపిరి చాలని గొంతుతో. "నన్నొకసారి ఎక్కించుకోవా?"

అసలు సంగతేమిటంటే, వాళ్ళ ఊళ్ళో పిల్లలు జడుసుకోకుండా ఉండాలని పులివేషం వీపు మీద కూర్చోబెట్టడం ఆచారం. నూకాలు పుట్టిన ఏడాది నుంచీ పండగ పండక్కీ అసిరయ్య వీపెక్కుతూనే ఉంది. జిల్లా అంతా వెతికి, ఆ పిల్లకి భయం లేకుండా చేసిన పులినే తెచ్చి భయపెట్టమన్నారు పెద్దలు.

"ఇంకా గట్టిగా! భయం చాలడం లేదు!" అంటున్నారు త్రివిక్రమరావు గారు.

"ఏటి బావూ ఇది, నీకు కళ్ళు నేవా?" దాలమ్మ గొంతు డప్పుల్ని మించింది. "గుంటకి గాలాడక సస్తంటే పులినాడిస్తావేటి? ఓ డాట్రుబాబూ, నువ్వైనా సూడవేటి!"

మురహరి చేతిలో మాస్కుంది. మందు పోసిన పాత మిషను పక్కనే ఉంది. ఒక్క మీట నొక్కాలి. ఆయన త్రివిక్రమరావు గారి మొహం చూశాడు. తల ఊపుతారేమోనని చూశాడు. ఆయన ఊపలేదు. నూకాలు తల మామ్మ భుజం మీదికి వాలిపోయింది. ఆ వాలడం చూశాక మురహరికి ఇంకెవరి తలా కనపడలేదు.

టక్కుమని మీట నొక్కాడు. మాస్కు తీసుకెళ్ళి నూకాలు మొహానికి పెట్టాడు. "భయం తర్వాత చూసుకుందాం సార్" అన్నాడు. మాట వణికింది. చెయ్యి మాత్రం వణకలేదు.

"డాక్టర్! క్రమశిక్షణా చర్య..." అని త్రివిక్రమరావు గారు మొదలుపెట్టారు గానీ పూర్తి చెయ్యలేకపోయారు. ఎందుకంటే పులి దబ్బున నేల మీద కూలబడింది.

డప్పులు ఆగిపోయాయి. అసిరయ్య గుండె పట్టుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. రంగు వాసన, మూసిన గది, గంతులు అన్నీ కలిసి ఎన్నేళ్ళుగానో దాచుకున్న ఆయాసాన్ని బయటికి లాగాయి. పులికి ఆయాసమని తెలిస్తే పండక్కి ఎవరు పిలుస్తారని, పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు అతను. వార్డులో రెండో మిషను ఒక్కటే ఉంది, రిబ్బను కట్టింది. మురహరి రిబ్బను పుటుక్కున తెంపేశాడు.

"అది ప్రారంభోత్సవానిదయ్యా!" అని త్రివిక్రమరావు గారు ఆర్తనాదం చేశారు.

పెద్ద మాస్కు తీసుకుని మురహరి దగ్గరికొస్తుంటే పులి పాకుతూ మంచం కిందికి దూరింది. "ఒద్దు బావూ! నీ కాళ్ళట్టుకుంటాను! అది మూతికెడితే మరి లెగరంట! మా మావ అలాగే పోయేడు!"

ఎంత చెప్పినా రాడే! పంజాలు అడ్డం పెట్టుకుని గోడకి కరుచుకుపోయాడు. ఈలోగా మందు లోపలికి పోయి నూకాలు పెదవులకి రంగు తిరిగింది. కళ్ళు తెరిచి, మంచం అంచు మీంచి కిందికి తల వేలాడేసి చూసింది.

"మావా, బయమేస్తందా?" మాస్కులోంచి మాట బుడబుడమంది.

"అవునే తల్లీ."

"ఇది తొండం మావా. పులికి తొండం నేదు కదా, అందుకే ఆయాసం. నువ్వు పెట్టుకుంటే పులేనుగవుతావు. ఇలగ పీల్చు. నాతోటి పీల్చు. ఊఁ..."

అసిరయ్య ఒక కన్ను మూసుకుని మాస్కు మూతికి పెట్టనిచ్చాడు. నూకాలు పీల్చమంటే పీల్చాడు, వదలమంటే వదిలాడు. కాసేపటికి ఘీంకరించమంటే ఘీంకరించాడు కూడా. మురహరి నేల మీద గొంతుకూర్చుని పులి వీపు రాస్తూ ఉండిపోయాడు, అరచెయ్యంతా పసుప్పచ్చ రంగు. ఏళ్ళ తరబడి డాక్టరుగా ఉన్నాడు గానీ అంత హాయి ఆయన ఎప్పుడూ ఎరగడు.

శ్వాస కుదుటపడ్డాక అసిరయ్య మంచం కిందినుంచి వచ్చి, తోక సర్దుకుని, ఎవరూ అడక్కుండానే పటం దగ్గరికెళ్ళాడు. "ఇందాక ఇది" అని ఏడుపు మొహం చూపించాడు. "ఇప్పుడిది" అని నవ్వు మొహం చూపించాడు.

త్రివిక్రమరావు గారు ఆ వేలిని చూస్తూ నిలబడిపోయారు. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహానికి, మధ్యలో ఆట, చివర మాస్కు! పథకం పుట్టాక వచ్చిన మొట్టమొదటి అసలైన ఫలితం. ఆయన కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

"దీన్ని సంస్థాగతం చేద్దాం" అన్నారు.

నెల తిరిగేసరికి కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆసుపత్రి పిల్లల వార్డులోనూ ఆయాసం గల పులి ఒకటి తప్పనిసరిగా ఉండవలెను. సదరు పులి మాస్కు చూసి విధిగా భయపడవలెను. దానికి ధైర్యం చెప్పుటకు నిర్భయ శిశువు నొకరిని స్థానికంగా సమకూర్చుకొనవలెను. దానితో రాష్ట్రంలో ఆయాసమున్న పులులకి గిరాకీ పెరిగి, ఆరోగ్యంగా ఉన్న పులులు దగ్గడం నేర్చుకుంటున్నాయి. సిస్టర్ ఎస్తేరు శిక్షణలో మరీ బాగా రాణించిందని ఆమెను అక్కడే ఉంచేసుకున్నారు, పులులకి శిక్షణ ఇవ్వడానికి.

అదే టపాలో మురహరికి మరో కాయితం వచ్చింది. ధ్రువీకరణ లేకుండా మాస్కు పెట్టినందుకూ, ప్రారంభోత్సవపు రిబ్బనుని అనధికారికంగా తెంపినందుకూ మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని. దాన్ని చదువుతుండగానే బయట వాన మొదలైంది. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని, అద్దాల బీరువా తాళం తీసి, తలుపులు బార్లా తెరిచేశాడు. తాళంచెవిని కిటికీలోంచి విసిరేశాడు. విసిరాక ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడనుకోండి.

ఇంతలో దాలమ్మ వచ్చింది. నూకాలు చంక దిగి, రొప్పుతూ మంచమెక్కింది. మురహరి మందు పోసి మాస్కు చేతికిస్తే, పెట్టుకోకుండా ఆయన వంక తేరిపార చూసింది.

"డాట్రుబాబూ, నువ్వే బొమ్మవో సూపించు ముందు."

మురహరి జేబు తడుముకున్నాడు. గుమ్మం వైపు ఒకసారి చూశాడు. అప్పుడు నవ్వు మొహం మీద వేలు పెట్టాడు.

"అబద్దం" అంది నూకాలు. అని, పక్కకి జరిగి ఆయనకి కూర్చోడానికి చోటిచ్చి, తొండం పెట్టుకుంది.